చౌడక్క వంక

చౌడక్క వయసెంతో కానుగపల్లిలో ఎవరికీ సరిగ్గా తెలియదు. అడిగినవాళ్లకు "నీకెంత కావల్లో అంత రాసుకోప్పా" అంటుంది. పుట్టింది రామగిరి దగ్గర ఒక పల్లెలో. తండ్రి ఆ రోజుల్లో బంగారు గనిలో కూలి. గని ఎప్పుడో మూతబడింది, తండ్రీ పోయాడు, ఆ బంగారంలో ముక్కుపుడకంత కూడా ఇంటికి వచ్చింది లేదు. అయినా దేవప్పను చేసుకుని కానుగపల్లికి కోడలిగా వచ్చిన నాటి నుంచి ఆ గని సంగతి ఊళ్లో ఎవరినీ మరిచిపోనివ్వలేదు. చారులో ఉప్పు తక్కువైందని అత్త అంటే చాలు, "బంగారం తవ్వే ఇంట్లో పుట్టినదాన్ని, ఉప్పు గురించి నాకేం తెలుసు?" అనేది. అత్త కూడా తక్కువ మనిషేం కాదు. ఆవిడ కన్నుమూసేదాకా ఆ ఇంటి రేకులు వానకంటే మాటలకే ఎక్కువ మోగాయి.

దేవప్ప గొర్రెలు కాస్తాడు. ఇంట్లో ఆ ఇద్దరి గొంతుల మధ్య బతకడం వల్లనో ఏమో, అడిగినదానికి మాత్రమే జవాబిచ్చే అలవాటు పడింది. ఆ అలవాటే ఇంత కథకు కారణమవుతుందని పాపం ఆయనకు తెలియదు.

పెనుకొండ దాటి కొత్తచెరువు వైపు వస్తుంటే, రోడ్డుకు లోపలగా ఉంటుంది కానుగపల్లి. ఊరి పక్కన ఒక వంక పోతుంది. పోతుంది అనడం మర్యాదకే గానీ, అందులో ఎక్కువగా పోయేవి గొర్రెలు, ట్రాక్టర్లు, పక్కూరి పెళ్లికి అడ్డదారిన వెళ్లే జనం. నీళ్లు మాత్రం బుద్ధి పుట్టినప్పుడు వస్తాయి. మిగతా రోజుల్లో ఇసుక, కంపచెట్లు, ఎండకు తళతళలాడే బీరు సీసాలు. ఆ ఇసుకలో చౌడక్క ఒక చెలమ తవ్వుకుంది. ఎంత ఎండాకాలమైనా మోచేతి లోతులో దానిలో నీళ్లు ఊరుతాయి. ఆ నీళ్లను బిందెతో మోసుకుని వంక ఒడ్డున చిన్న మడిలో చుక్కాకు, పాలకూర, కొత్తిమీర పెంచుతుంది. గంపకెత్తుకుని కొత్తచెరువులో అమ్ముతుంది. బేరం చేసేవాళ్లను తిట్టి మరీ అమ్ముతుంది. అయినా ఆమె కొత్తిమీరకు ఉన్న వాసన ఇంకెవరిదానికీ లేదని తిట్లు తిన్నవాళ్లే మళ్లీ వస్తారు.

ఆ వంక మీద బ్రిడ్జి కట్టాలని నిర్ణయమైంది. చూసిపోవడానికి రఘునాథ్ అనే కుర్ర ఇంజనీరు వచ్చాడు. కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు, గోదావరి వైపు మనిషి. అంత నీళ్లు చూసి పెరిగినవాడికి ఈ ఇసుక మీద బ్రిడ్జి ఎందుకో అర్థం కాలేదు, కానీ అడగడానికి భయపడ్డాడు. ఫోనులో వివరాలు ఎక్కించుకుంటూ, ఒడ్డున గొర్రెలతో నిలబడ్డ దేవప్పను చూశాడు. మళ్లీ ఫోనులోకి తల వంచి, చెయ్యి వంక వైపు చాపాడు.

"పెద్దాయనా, దీని పేరేంటండీ?"

దేవప్ప ఆ చెయ్యి చూపిన దిక్కు చూశాడు. చెయ్యి చివర, ఇసుకలో, నడుముకు కొంగు బిగించి, ఎవరివో మేకలను మడిలోంచి తరుముతూ ఆయన పెండ్లాం ఉంది. గవర్నమెంటు మనిషి ఆమె పేరు అడుగుతున్నాడంటే పింఛను గురించే అయ్యుంటుందని ఆయన వినయంగా చేతులు కట్టుకున్నాడు.

"చౌడక్క, సార్."

"ఎక్కడ పుట్టింది?"

"రామగిరి కొండల కింద, సార్."

"అంత దూరమా! మరి ఇటెలా వచ్చింది?"

"మా నాయన తెచ్చినాడు సార్. ఆ కాలంలో ఆయన మాటంటే మాటే."

రఘునాథ్‌కు ఆ తండ్రి మీద గౌరవం కలిగింది. ఒంటి చేత్తో కాలువ తవ్వించిన మహానుభావుడెవరో అనుకున్నాడు.

"ఏడాదంతా ఇలాగే ఉంటుందా?"

దేవప్ప వంక వైపు చూశాడు. చౌడక్క మేకల యజమానిని, వాళ్ల తాతను కూడా కలిపి తిడుతోంది. "ఎండాకాలం కొంచెం మేలు సార్. వానలు పడితే పట్టలేము."

"ఉధృతి ఎక్కువంటారు!"

ఆ మాట దేవప్పకు తెలియదు, వినడానికి మాత్రం బాగుంది. "శానా ఎక్కువ సార్."

"దీనివల్ల ఎవరైనా ఇబ్బంది పడ్డారా?"

"మా అమ్మ సార్. బాగా పడింది. ఇప్పుడు లేదులెండి."

రఘునాథ్ 'అయ్యో' అన్నాడు. ఆఖరి ప్రశ్న అడిగాడు. "చివరికి ఎందులో కలుస్తుంది?"

"అది ఎవురితోనూ కలవదు సార్," అన్నాడు దేవప్ప, మనసులో మాట.

ఆ సాయంత్రం ఇంట్లో, "ఎవురో సారు నీ గురించి అడిగిపోయినాడు మే, పింఛను పెంచుతారేమో" అని చెప్పాడు. చౌడక్క సంతోషపడి సంగట్లోకి ఊరిబిండి పచ్చడి కాస్త ఎక్కువ వేసింది.

పింఛను పెరగలేదు. బ్రిడ్జి మాత్రం లేచింది. ఒక పొద్దున కొత్తచెరువు నుంచి ఖాళీ గంపతో ఆటోలో వస్తూ ఉంటే, బ్రిడ్జి మొదట్లో నీలం బోర్డు కనబడింది. చౌడక్కకు చదువు అంతంతమాత్రం, అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. ఆటో గుంతలో పడి నెమ్మదించిందేమో, కూడబలుక్కోవడానికి సమయం దొరికింది. చౌ. డ. క్క. తర్వాత వంక.

ఆమె ఎరిగినంతలో రాతి మీదా రేకు మీదా పేర్లు రాసేది పోయినవాళ్లకే. ఆటో దిగి ఇంటికి పరుగులాంటి నడకతో వచ్చి, మొగుడి ముందు నిలబడింది.

"ఏమయ్యా, నేను బతికుండానా లేదా?"

దేవప్ప కాస్త ఆలోచించాడు. "ఉండావు గదా, ఏమైంది?"

విషయం బయటికి రావడానికి ఎంతోసేపు పట్టలేదు. సారు ఏమడిగాడో, తను ఏం చెప్పాడో ఒక్కొక్కటే అప్పజెప్పాడు దేవప్ప. అత్త ఇబ్బందిపడిన సంగతి దగ్గర కొంచెం గొంతు తగ్గించాడు గానీ, చౌడక్క చెవులకు అది చాలు.

"దారినపోయే మొగోడు పెండ్లాం పేరు అడిగితే చెప్పేస్తావా? పుట్టిల్లు అడిగితే చెప్పేస్తావా? రేపు ఇంకేమి అడిగినా చెప్పేస్తావా?"

"నువ్వని అనుకొని చెప్పినా మే," అన్నాడు దేవప్ప. ఆ జవాబుతో పని మరింత చెడింది.

మరుసటి వారానికి వార్త ఊరంతా పాకింది. ఇక చౌడక్కకు ఊపిరాడనివ్వలేదు. బావి దగ్గర ఆడవాళ్లు "అక్కా, నీలో చుక్క నీళ్లు లేవే" అనేవాళ్లు. ట్రాక్టరువాళ్లు "చౌడక్కా, నీ ఇసుక ఒక లోడు ఎత్తుకుంటాండాం, కోప్పడొద్దు" అని కేకవేసి పోయేవాళ్లు. ఎవరి గేదో కనబడకపోతే "యాడికి పోతాది, చౌడక్కలో దిగింటాదిలే" అనుకునేవాళ్లు. జీవితమంతా ఇతరుల మీద నోరు చేసుకుని బతికిన మనిషికి, నోరు తెరిస్తే నవ్వుతున్నారన్న సంగతి కొత్త. రెండు మూడు రోజులు గంప ఎత్తకుండా ఇంట్లోనే కూర్చుంది. కొత్తిమీర ముదిరిపోయింది.

చివరికి దేవప్పను వెంటబెట్టుకుని పెనుకొండలోని ఆఫీసుకు పోయింది. రఘునాథ్ ఆమెను గుర్తుపట్టలేదు. పేరు చెప్పగానే మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అప్పటికే ఆయనకూ అక్షింతలు పడి ఉన్నాయి. రామగిరిలో పుట్టిన వంక కానుగపల్లికి రావాలంటే మధ్యలో గుట్టలెక్కి దిగాలి కదయ్యా, ఎలా ఎక్కిందో చెప్పమని పై అధికారి అందరి ముందూ అడిగాడట.

"పొరపాటు నాదేనమ్మా," అన్నాడు పాపం. "ఫోను చూసుకుంటూ అడిగాను."

"నీది గాదు నాయనా, ఈయప్పది," అంది చౌడక్క. తర్వాత అనుమానం వచ్చింది. "అదేదో ఉధృతి ఎక్కువని రాసుకున్నావంట. అంటే ఏమి?"

రఘునాథ్ పెన్ను తీశాడు. "అంటే... జోరు, కోపం లాంటిదమ్మా. అది కూడా కొట్టేస్తాను."

"అది ఉండనీ సార్," అన్నాడు దేవప్ప. ఆ రోజంతా ఆయన మాట్లాడింది ఆ ఒక్క మాటే.

బోర్డు మార్పించడానికి రఘునాథ్ ఒప్పుకున్నాడు. అయితే అసలు పేరేమిటో చెప్పాలి. కానుగపల్లిలో దాన్ని వంక అంటారు. అంతే. ఇంట్లో ఒక్కటే పిల్లి ఉంటే దానికి పేరెవరు పెడతారు? పైనూరివాళ్లు, కిందూరివాళ్లు ఏమంటారో ఆమెకు ఎప్పుడూ పట్టలేదు. "అందరూ ఒప్పుకునే పేరు ఒకటి తీసుకురండమ్మా, రాయించేస్తాను," అన్నాడు రఘునాథ్.

అలా చౌడక్క తన పేరు వదిలించుకోవడానికి వంక వెంబడి బయల్దేరింది. ఇన్నేళ్లూ చెలమకూ మడికీ మధ్య తిరిగిందే తప్ప, అది ఎక్కడ నుంచి వస్తుందో ఎన్నడూ చూడలేదు. పొద్దున్నే సద్దిమూట కట్టుకుని ఎగువకు నడిచింది. కంపచెట్లు చీర లాగాయి. వంక ఒకచోట బాగా వెడల్పై, ఒకచోట ఎద్దులబండి పట్టనంత సన్నబడింది. పైనూరు గుట్టకిందపల్లి చేరేసరికి అది వంకలా కాదు, ఎవరో మరిచిపోయిన కాలిబాటలా ఉంది.

ఆ ఊళ్లో కుళ్లాయప్ప అనే ముసలి రైతు ఎదురుపడ్డాడు. విషయం విని, నవ్వు ఆపుకుంటూ ఆమెను గుట్ట పైకి తీసుకుపోయాడు. ఒకదానికొకటి ఆనుకున్న రెండు బండలు. వాటి సందులో చెయ్యి పెట్టి చూడమన్నాడు. చల్లగా, తడిగా తగిలింది.

"ఈడనే పుడతాది," అన్నాడు. "రామగిరి ఆడుండాది, సూడు." పడమటగా దూరంలో పొగలాంటి కొండలు చూపించాడు.

చౌడక్క ఆ కొండల వైపు చాలాసేపు చూసింది. తర్వాత పని గుర్తొచ్చింది. "మీరేమంటారప్పా దీన్ని?"

"దిగువంక. మా కాడి నుంచి దిగువకు పోతాది గదా. అదే రాపించు."

పేరు బాగానే ఉందనిపించింది. కుళ్లాయప్ప ఫోను నంబరు తీసుకుని ఇంటికి వచ్చింది. ఇంకో రోజు దిగువకు నడిచింది. కిందూరు నల్లబండపల్లి దాటాక వంక తిన్నగా పోయి చిత్రావతిలో కలుస్తుంది. కలిసే చోటు చూడాలని ఆత్రంగా పోయింది. తీరా చూస్తే ఈ ఇసుక పోయి ఆ ఇసుకలో కలుస్తోంది. ఏది ఎవరిదో చెప్పడానికి లేదు. అయినా ఆ నడుమ నిలబడితే ధర్మవరం వైపు పోయే చిత్రావతి ఎంత వెడల్పుందో తెలిసింది. ఈ పిల్లవంక వచ్చి దానిలో పడుతున్నందుకు, ఎందుకో ఆమెకు కొంచెం గర్వంగా అనిపించింది. ఎవరైనా చూశారేమోనని అటూ ఇటూ చూసుకుని, కొంగుతో ముఖం తుడుచుకుంది.

నల్లబండపల్లిలో వంక ఒడ్డునే గంగాధరప్ప అంగడి. హిందూపురం నుంచి సరుకు తెచ్చి అమ్ముతాడు. మనిషి నెమ్మది, మాట మాత్రం పట్టుదల.

"దిగువంకా?" అన్నాడు ముఖం చిట్లించి. "అట్లంటే మేము దిగువోళ్లమైపోతిమి గదక్కా! మా ఊళ్లో దాన్ని మీదివంక అంటాము. మీది నుంచి వస్తాది గాబట్టి. అట్ల రాయమను."

చౌడక్క అక్కడి నుంచే కుళ్లాయప్పకు ఫోను చేసింది. మీదివంక అనే మాట వినగానే ఆయన, "వాళ్ల మీద నుంచి వస్తే వాళ్లది ఎట్లయితాది? పుట్టింది మా బండల్లో!" అని అరిచాడు. గంగాధరప్ప కూడా ఫోను లాక్కుని నాలుగు మాటలన్నాడు. ఇద్దరూ ఎన్నడూ ముఖముఖాలు చూసుకున్నవాళ్లు కారు. చౌడక్క మధ్యలో నిలబడి, తను లేకుండా ఒక తగువు ఇంత బాగా నడవడం చూసి ఆశ్చర్యపోయింది.

చివరికి గంగాధరప్ప ఫోను తిరిగిచ్చి, "మీదివంక కాదంటే నీ పేరే ఉండనీలేక్కా," అన్నాడు. "నువ్వైతే ఏ ఊరిదానివి కాదు, రామగిరిదానివి. గుట్టకిందపల్లోళ్ల పేరు మాత్రం ఒద్దు."

ఫోనులో కుళ్లాయప్ప కూడా అదే అన్నాడు, ఊరి పేరొక్కటే మార్చి. కానుగపల్లి పెద్దలను అడిగితే, పక్కూళ్ల పేర్లు రెండూ పనికిరావన్నారు. ఇలా, తన పేరు తీసేయమని పోయిన మనిషి మూడూళ్ల చేతా ఒప్పించుకుని వచ్చినట్లయింది. "ఎలక్షన్లో కూడా ఇట్ల ఎవురూ గెలవలేదు మే," అన్నాడు దేవప్ప. ఆ రాత్రి ఆయనకు సంగట్లోకి ఊరిబిండి పడలేదు.

ఆ ఏడు వానలు ఆలస్యమై, ఒక్కసారిగా వచ్చాయి. మూడు రోజులుగా ముసురు. నాలుగో రోజు మధ్యాహ్నం చౌడక్క ఫోను మోగింది. కుళ్లాయప్ప.

"చౌడక్కా, గుట్ట మీద శానా పడింది. బండల నడుమ నుంచి ఎర్రనీళ్లు దిగినాయి. వస్తాండాది!"

ఆమె గొడుగు కూడా తీసుకోకుండా బ్రిడ్జి దగ్గరకు ఉరికింది. ఊళ్లో సగం మంది వెనకే వచ్చారు. ముందు చప్పుడు వినబడింది. తర్వాత నురగ, చెత్త, విరిగిన కంపలు, వాటి వెనక ఒడ్డు నుంచి ఒడ్డుకు ఎర్రటి నీళ్లు. ఆమె కళ్ల ముందే చెలమ కనబడకుండా పోయింది. చుక్కాకు మడి మీద నీళ్లు ఒకసారి తచ్చాడి, గట్టును నోట్లో వేసుకున్నట్టు తీసుకుపోయాయి.

"అయ్యో, నీ మడిని నువ్వే మింగితివి గదే!" అంది వెనక నుంచి ఎవరో. ఎవరూ నవ్వలేదు. చౌడక్క కళ్లలో నీళ్లు తిరిగాయి. అవి వానలో ఎవరికీ కనబడలేదు. తిట్టాలనుకుంది గానీ, ఎవరిని తిట్టాలో తోచలేదు.

అప్పుడే మళ్లీ ఫోను. ఈసారి నల్లబండపల్లి నుంచి గంగాధరప్ప, గొంతులో కంగారు. "అక్కా, వానలో ఏమీ కనబడ్లేదు. నువ్వు యాడిదాకా వచ్చినావు?"

చౌడక్క కంబి మీదుగా వంగి బ్రిడ్జి కాలు వైపు చూసింది. నీళ్లు సగానికి పైగా ఎక్కాయి. "ఇప్పుడే బ్రిడ్జి దాటినానప్పా," అంది. "శానా జోరుగా ఉండా. ఇంకాసేపటికి నీ కాడికొస్తా. బియ్యం, ఉప్పుమూటలు పైకెత్తుకో. పిల్లోళ్లను ఒడ్డుకు రానియ్యొద్దు. ఇనబడిందా? వస్తాండా నేను!"

ఫోను పెట్టాక చూస్తే, దేవప్ప ఆమె వైపే చూస్తూ ఉన్నాడు. తానేమందో అప్పుడు తెలిసింది చౌడక్కకు. "ఏమట్ల సూస్తావు? గొర్రెల్ని మిట్టకు తోలు పో," అని కసిరింది.

గంగాధరప్ప అంగట్లోకి మోకాలెత్తు నీళ్లు వచ్చాయి. అటక మీదికి ఎక్కించినదంతా దక్కింది. నీళ్లు తగ్గాక ఆయన ఒక బెల్లం దిమ్మె పంపించాడు, చౌడక్క వంకకు అని చెప్పి. తెచ్చిన ఆటోవాడు దాన్ని బ్రిడ్జి దగ్గరే దింపిపోతే, అది ఎవరికో కనుక్కోవడానికి ఒక పూట పట్టింది.

వానలు వెలిశాక రఘునాథ్ బ్రిడ్జి కాళ్లు చూసుకోవడానికి వచ్చాడు. అంత నీరు పోయిందని ఫోటోల్లో చూస్తే తప్ప నమ్మలేకపోయాడు. పని అయ్యాక బోర్డు కింద నిలబడి, "ఏం చేయమంటారమ్మా? మీరు వద్దంటే పేరు చెరిపి, ఉత్త 'వంక' అని రాయిస్తాను," అన్నాడు.

చౌడక్క బోర్డు వైపు తల ఎత్తి చూసింది. నీళ్లలో కొట్టుకొచ్చిన ఒక కంప దాని స్తంభానికి చిక్కుకుని ఉంది. దాన్ని లాగి అవతల పారేసింది. "పుట్టింది యాడని రాసినావు ఇప్పుడు?"

"గుట్టకిందపల్లి అని మార్చానమ్మా. చిత్రావతిలో కలుస్తుందని కూడా."

"అది సరిపాయె. పేరు జోలికి పోవద్దులే. మళ్లా ఆ ఇద్దురూ నా ఫోన్లోనే కొట్లాడుకుంటారు."

రఘునాథ్ నవ్వుకుంటూ జీపెక్కాడు. చౌడక్క వంకలోకి దిగింది. మడి ఉన్నచోట మెత్తటి ఒండ్రు పరుచుకుని ఉంది, అడుగు వేస్తే చీలమండ దాకా దిగుతోంది. గుట్ట మీది నుంచి వచ్చిన మన్ను. పిడికిట్లోకి తీసుకుని నలిపి వాసన చూసింది. హిందూపురం నుంచి తెప్పించిన కొత్తిమీర విత్తనాలు కొంగుముడిలో ఉన్నాయి. ముడి విప్పుతూ, పైన ఒడ్డున బట్టలుతుకుతున్న ఆడవాళ్లను చూసి కేకేసింది.

"ఓయమ్మా, సబ్బునీళ్లు ఈ తట్టు వదలొద్దండి! ఇంకాస్త దిగువకు పోయి ఉతుక్కోండి!"

"నీ వంకలో ఉతుక్కోనికి కూడా నీ పర్మిషనా అక్కా?" అన్నారు వాళ్లు.

"ఆ, నా పర్మిషనే," అంది చౌడక్క, మునివేళ్లతో విత్తనాలు చల్లుతూ.